డెంటల్ ఎస్టిమేట్‌లో ఈ మాటలకు అర్థమేంటి? డెంటల్ ఇన్సూరెన్స్ ప్లాన్ ఎంత కడుతుందో ఎలా లెక్కేయాలి?

నిమ్మతొన:
డెంటిస్ట్ ఇచ్చిన ఎస్టిమేట్‌లో మూడు లైన్లున్నాయి.

46 – ఎంఓడి కాంపోజిట్
ఎస్ఆర్‌పి – 2 క్వాడ్రంట్లు
35, 36, 37 – బ్రిడ్జ్, 3 యూనిట్లు

నోట్లో ఉండేవే 32 పళ్లు, మరి ఈ 46 ఎక్కడిది? క్లీనింగ్ అన్న మాటే లేదు, ఎస్ఆర్‌పి అంటే అదేనా? లేనిది ఒక్క పన్ను (36), బిల్లు మూడింటికి ఎందుకు? ప్లాన్ పత్రంలో "మేజర్ 50%" అని ఉంది. అంటే బ్రిడ్జ్ బిల్లులో సగం వాళ్లు కడతారనేనా? డిడక్టిబుల్, యాన్యువల్ మాగ్జిమమ్ కూడా ఉన్నాయి. 36 ఈ ప్లాన్ తీసుకోకముందే పీకేసిన పన్ను.

కోరపన్ను13:
నలభై ఆరు అని కాదు, నాలుగు-ఆరు అని చదవండి. మొదటి అంకె నోట్లో ఏ భాగమో చెబుతుంది: మీ కుడివైపు పైన 1, ఎడమవైపు పైన 2, ఎడమ కింద 3, కుడి కింద 4. రెండో అంకె ముందు మధ్య నుంచి వెనక్కి లెక్క. 3 కోరపన్ను, 6 మొదటి పెద్ద దవడపన్ను, 8 జ్ఞానదంతం. కాబట్టి 46 అంటే కుడి కింద మొదటి పెద్ద దవడపన్ను. పాలపళ్లకు మొదటి అంకె 5 నుంచి 8 దాకా ఉంటుంది. అమెరికాలో వాడే పద్ధతి వేరు, అక్కడ 1 నుంచి 32 వరకు వరస నంబర్లే. ఇదే పన్ను అక్కడ 30 అవుతుంది. ఏ పద్ధతో తెలియకుండా "18" అని చదివితే పై జ్ఞానదంతమూ కావచ్చు, ఎడమ కింద రెండో పెద్ద దవడపన్నూ కావచ్చు.

ఎంఓడి అంటే పుచ్చు పన్నులో మూడు ముఖాలకు పాకిందని: ముందు పన్ను వైపు, నమిలే పైభాగం, వెనక పన్ను వైపు. కాంపోజిట్ అంటే పన్ను రంగు సిమెంటు. ఫిల్లింగ్ రేటు సాధారణంగా ముఖాల లెక్కన పెరుగుతుంది. మూడు ముఖాలూ తవ్వాక మిగిలిన గోడలు పల్చగా ఉంటే నమిలేటప్పుడు పన్ను చీలే ప్రమాదం ఉంది. అప్పుడు ఫిల్లింగ్ కన్నా ఆన్‌లే (నమిలే భాగాన్ని కప్పేలా బయట తయారుచేసి అతికించే ముక్క) లేదా క్యాప్ మేలు. గోడలు ఎంత మందం మిగులుతాయో ఇప్పుడే అడగండి. ఫిల్లింగ్ చేసి, అది విరిగాక క్యాప్ వేస్తే రెండు బిల్లులు.

ఎస్ఆర్‌పి మామూలు క్లీనింగ్ కాదు. మామూలు క్లీనింగ్‌లో ప్రధానంగా చిగురు పైన ఉన్న పాచి, గార తీస్తారు. ఎస్ఆర్‌పి, అంటే స్కేలింగ్, రూట్ ప్లేనింగ్, చిగురు కింద వేరుకు పట్టిన గారను గీకి తీయడం. మత్తు ఇచ్చి, క్వాడ్రంట్ల లెక్కన, అంటే నోటిని నాలుగు భాగాలు చేసి, చేస్తారు. ఇది అవసరమా కాదా తేల్చేది పాకెట్ లోతు, అంటే చిగురుకూ పన్నుకూ మధ్య సందు లోతు. సన్నటి కొలత పుల్లతో ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల కొలుస్తారు. 1 నుంచి 3 మిల్లీమీటర్లు మామూలు. 4 లేదా అంతకన్నా ఎక్కువ ఉండి, రక్తం కారుతూ, ఎక్స్‌రేలో ఎముక తగ్గినట్టు కనబడితే ఎస్ఆర్‌పి మాట సబబే. ఆ కొలతల చార్టు కాపీ అడిగి తీసుకోండి. చాలా ప్లాన్లు అది లేకుండా క్లెయిమ్ పాస్ చేయవు.

ఇక బ్రిడ్జ్. 36 ఖాళీలో వేలాడే పన్ను పాంటిక్. అటూ ఇటూ 35, 37 అరగదీసి క్యాప్‌లు వేసి దాన్ని మోయిస్తారు, ఆ రెండూ అబట్‌మెంట్లు. రెండూ ఒకటీ మూడు యూనిట్లు. ఇంప్లాంట్‌లో అబట్‌మెంట్ వేరే సంగతి: ఎముకలో దించిన స్క్రూకూ పైన క్యాప్‌కూ మధ్య ముక్క. 35, 37కి ఇంతవరకు ఏ సిమెంటూ లేకపోతే ఇంప్లాంట్ సంగతి కూడా అడగాలి. అరగదీసిన ఎనామెల్ మళ్లీ రాదు.

లెక్కలపుస్తకం:
"మేజర్" అంటే బ్రిడ్జ్ లాంటి పెద్ద పనులు. "మేజర్ 50%" అంటే బిల్లులో సగం కాదు. ప్లాన్ ఒప్పుకునే రేటులో, డిడక్టిబుల్ (ప్లాన్ కట్టడం మొదలుపెట్టే ముందు మీరు కట్టాల్సిన మొత్తం) తీసేశాక మిగిలిన దానిలో సగం. ఈ వరస తప్పితే లెక్కంతా తప్పుతుంది.

క్లినిక్ బిల్లు 1000, ప్లాన్ ఒప్పుకునే రేటు 800, డిడక్టిబుల్ 50 అనుకుందాం. 800లోంచి 50 తీస్తే 750. దానిలో సగం 375 ప్లాన్ కడుతుంది. డాక్టర్ ప్లాన్ నెట్‌వర్క్‌లో, అంటే వాళ్లతో ఒప్పందం ఉన్నవాళ్లలో, ఉంటే 800కి మించి అడగకూడదు, కాబట్టి మీ చేతి నుంచి 425. నెట్‌వర్క్ బయటైతే పైన 200 కూడా మీ మీదే పడొచ్చు, 625 అవుతుంది.

యాన్యువల్ మాగ్జిమమ్ అంటే ఆ ఏడాది ప్లాన్ కట్టే గరిష్ఠ మొత్తం. మీరు కట్టే దానికి హద్దు కాదు. చాలామంది దీన్నే తిరగేసి అర్థం చేసుకుంటారు. దానిలో 300 మాత్రమే మిగిలి ఉంటే పై లెక్కలో 375 బదులు 300 వస్తుంది, నెట్‌వర్క్‌లో ఉన్నా మీకు 500 పడుతుంది.

డిడక్టిబుల్ సాధారణంగా ఏడాదికి ఒకసారే. ముందు ఫిల్లింగ్‌కి తీసేస్తే బ్రిడ్జ్‌కి మళ్లీ తీయరు. చెకప్, మామూలు క్లీనింగ్‌లకు చాలా ప్లాన్లలో అది వర్తించదు.

చిగురాకు:
పై లెక్క సరైనదే, కానీ ఈ బ్రిడ్జ్‌కి అది అక్కరకు వస్తుందో లేదో ముందు చూడాలి. ప్లాన్ మొదలవకముందే పోయిన పన్ను స్థానంలో పెట్టే బ్రిడ్జ్, ఇంప్లాంట్, కట్టుడు పళ్లకు కొన్ని ప్లాన్లు ఏమీ కట్టవు. పత్రంలో "మిస్సింగ్ టూత్ క్లాజ్" కోసం వెతకండి, సాధారణంగా మినహాయింపుల పేజీలో ఉంటుంది. వెయిటింగ్ పీరియడ్ వేరు: అది గడిచాక కడతారు. ఈ క్లాజ్ ఉంటే సాధారణంగా ఎన్నాళ్లు ఆగినా అంతే.

46 మీద కూడా ఒక మెలిక ఉంది. వెనక పళ్లకు కాంపోజిట్ వేసినా కొన్ని ప్లాన్లు వెండి రంగు అమాల్గం రేటే లెక్కేస్తాయి, తేడా మీది. క్లీనింగ్ గురించి "ఏడాదికి రెండు" అని ఉందా, "6 నెలలకు ఒకటి" అని ఉందా చూడండి. రెండోదైతే ఒక్క రోజు ముందు వెళ్లినా క్లెయిమ్ తిరిగొస్తుంది.

పని మొదలుపెట్టకముందే క్లినిక్ చేత ప్లాన్ వాళ్లకు ప్రీ-ట్రీట్‌మెంట్ ఎస్టిమేట్ (ఎంత కడతారో ముందే అడిగే పత్రం) పంపించండి. ఎక్స్‌రేలు, పాకెట్ చార్టు, పన్ను పీకిన తేదీ జతచేయాలి. జవాబు రాతలో రావాలి. అది కూడా కడతామన్న హామీ కాదు, మధ్యలో మాగ్జిమమ్ అయిపోతే మారుతుంది.

నిమ్మతొన:
అర్థమైంది. మరి ఫిల్లింగ్, ఎస్ఆర్‌పి ఈ ఏడాది, బ్రిడ్జ్ వచ్చే ఏడాది పెట్టుకుంటే రెండేళ్ల మాగ్జిమమ్ వాడుకోవచ్చా?

కోరపన్ను13:
పెట్టుకోవచ్చు, వైద్యపరంగా కూడా అదే వరస. వాచి రక్తం కారే చిగుళ్ల మధ్య బ్రిడ్జ్‌కి అచ్చు తీస్తే క్యాప్ అంచు సరిగ్గా రాదు, ఆ సందులో మళ్లీ పుచ్చు మొదలవ్వొచ్చు. ఎస్ఆర్‌పి అయ్యాక 4 నుంచి 6 వారాలకు పాకెట్లు మళ్లీ కొలిపించండి, తగ్గాకే బ్రిడ్జ్. ఆ తర్వాత 3, 4 నెలలకోసారి పీరియడాంటల్ మెయింటెనెన్స్ (చిగుళ్ల జబ్బు తిరగబెట్టకుండా చేసే క్లీనింగ్) చేయించాలి, దాన్ని మీ ప్లాన్ ఏ శాతంలో వేస్తుందో చూసుకోండి.

లెక్కలపుస్తకం:
తేదీ విషయంలో జాగ్రత్త. బ్రిడ్జ్‌కి పళ్లు అరగదీసిన రోజు ఒకటి, అతికించిన రోజు ఇంకొకటి. కొన్ని ప్లాన్లు మొదటి తేదీని, కొన్ని రెండో తేదీని లెక్కలోకి తీసుకుంటాయి. ప్లాన్ ఏడాది చివరి వారాల్లో అరగదీయించుకునే ముందు ఈ ఒక్క ప్రశ్నకి వాళ్ల నుంచి రాతపూర్వక జవాబు తీసుకోండి.