ఐ బీమ్‌ను పడుకోబెట్టి వేయొచ్చా?

ప్రశ్న: 4 మీటర్ల ఓపెనింగ్ మీద 230 మి.మీ. ఇటుక గోడ, ఎత్తు 3 మీటర్లు. హెడ్‌రూమ్ చాలదని మేస్త్రి ఐఎస్ఎంబీ 200ను (200 మి.మీ. ఎత్తున్న ఐ ఆకారపు స్టీలు బీమ్) పడుకోబెట్టమంటున్నాడు. ఇనుము అంతే కదా, బలం తగ్గుతుందా?

జవాబు 1: వద్దండీ. గోడ లోడ్ 0.23×3×20 = 13.8 (20 అంటే ఘనపు మీటరు ఇటుక గోడ బరువు, కిలోన్యూటన్లలో), బీమ్ బరువు 0.25, మొత్తం మీటరుకు 14.05 కిలోన్యూటన్లు. దాన్ని స్పాన్ (ఓపెనింగ్ పొడవు) వర్గంతో గుణించి 8తో భాగిస్తే మూమెంట్, అంటే బీమ్‌ను వంచే ప్రభావం, 28.1 కిలోన్యూటన్ మీటర్లు. నిలబెడితే సెక్షన్ మాడ్యులస్ (వంపును తట్టుకునే ఆకార బలం) 223 ఘన సెం.మీ., మూమెంట్‌ను దానితో భాగిస్తే స్ట్రెస్ (స్టీలు లోపలి ఒత్తిడి) 126 ఎంపీఏ. పడుకోబెడితే మాడ్యులస్ 30 మాత్రమే, స్ట్రెస్ 930 దాటుతుంది! ఈ స్టీలు 250కే సాగిపోతుంది.

జవాబు 2: నిలబెట్టినా సుమారు 10.5 మి.మీ. వంగుతుంది, ఇటుక పగుళ్లిస్తుంది. ఐఎస్ఎంబీ 225 అయితే 7లోపే. ఎత్తు పోయేది ఒక అంగుళమే.

ప్రశ్న అడిగినవారు: 225 నిలబెట్టే వేయిస్తాను.

జవాబు 2: చివర్ల కింద కాంక్రీట్ బెడ్‌బ్లాక్ (బరువును ఇటుక మీద పరిచే దిమ్మ) మరవకండి, లేకపోతే ఇటుక నలుగుతుంది.