వేధింపుల ఫిర్యాదును రాజీతో ముగించమంటున్నారు, హెచ్‌ఆర్ మేనేజరుగా ఏం చేయాలి?

హైదరాబాద్‌లో సుమారు 60 మంది పనిచేసే కంపెనీలో హెచ్‌ఆర్ మేనేజర్‌ని. అమ్మకాల విభాగాధిపతి మీద ఒక ఉద్యోగిని రాతపూర్వకంగా లైంగిక వేధింపుల ఫిర్యాదు ఇచ్చింది. పెద్ద ఆర్డర్లన్నీ ఆయన తెచ్చేవే. అందుకని "ఆ అమ్మాయికి ఎంతో కొంత ఇచ్చి సర్దిచెప్పండి" అంటోంది యాజమాన్యం.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ప్రకారం రాజీ కోరాల్సింది ఫిర్యాదు చేసిన మహిళే. దానికి డబ్బు ఆధారం కాకూడదు. విచారణ 90 రోజుల్లో పూర్తవ్వాలి. ఈ మాట చెబితే, "మీరు కంపెనీ మనిషా, ఆమె మనిషా?" అన్నారు. అది నాకు చాలా బాధ కలిగించింది. ఆమె నన్ను నమ్మే కదా ఆ కాగితం ఇచ్చింది!

ఇలాంటి ఫిర్యాదులను విచారించాల్సిన మా అంతర్గత కమిటీ పేరుకే ఉంది. బయటి సభ్యురాలు ఫోనుకు కూడా స్పందించడం లేదు. విచారణ ముగిసేవరకు ఆమెను వేరే విభాగానికి మారుస్తామంటున్నారు. ఆమె అడగకుండా మారిస్తే శిక్ష ఆమెకే పడినట్టు కాదా? ఆయననే మార్చమని కమిటీ సిఫారసు చేయవచ్చు, కానీ ఆమె రాతపూర్వకంగా కోరాలి. ఆమె భయపడుతోంది.

ఇలాంటి కమిటీల్లో పనిచేసినవారు, న్యాయవాదులు దయచేసి చెప్పండి. బయటి సభ్యురాలి స్థానంలో మరొకరిని వెంటనే నియమించాలంటే ఏం చేయాలి? నోటిమాటగా వస్తున్న ఒత్తిడిని, ఫిర్యాదు గోప్యత చెడకుండా, ఎలా నమోదు చేసి ఉంచాలి?