గవర్నమెంటు జీపు గుద్దింది, ఇన్సూరెన్స్ లేదంటున్నారు. డబ్బు ఎవరిస్తారు?

కంచరపాలెం చిన్నోడు:
మా నాన్న వడ్రంగి. ఉగాది వెళ్ళిన వారం తాటిచెట్లపాలెం దగ్గర సైకిల్ మీద వస్తుంటే ఒక ప్రభుత్వ శాఖ జీపు వెనక నుంచి గుద్దేసింది. కుడి మణికట్టు నుజ్జయింది, ప్లేటు వేశారు. ఇప్పుడు అన్నం కలుపుకుంటున్నాడు గానీ చిత్రిక పట్టలేడు, సుత్తి ఎత్తలేడు. కేసయితే రాశారు. ఆఫీసుకెళ్తే "బండి షెడ్డులో రిపేరు చేయించుకుని ఖాళీగా వస్తోంది, అది డ్యూటీ కాదు, డ్రైవర్‌నే అడుక్కో" అన్నారు. డ్రైవరేమో 40 వేలిస్తా, రాజీ కాగితం మీద సంతకం పెట్టండంటున్నాడు. బండికి ఇన్సూరెన్సే లేదట. గవర్నమెంటు మీద కేసెయ్యడం మాలాంటోళ్ళకి అయ్యే పనేనా?

గాజువాక రాజు:
ఇచ్చింది పుచ్చుకో గురూ. కోర్టుకి తిరిగితే ఆ 40 వేలు ఆటో చార్జీలకి కూడా రావు.

రిటైర్డ్ బెంచి క్లర్కు:
రాజుగారి మాట వినకు బాబూ, ఆ సంతకం పెట్టించకు. నేను ప్లీడర్ని కాను, కోర్టులో పనిచేసి రిటైరయ్యాను.

రిపేరు నుంచి వస్తున్న బండి అనే సాకు చాలా పాతది. 1952లో ఉదయపూర్ కలెక్టరు జీపు అచ్చం ఇలాగే వర్క్‌షాపు నుంచి తిరిగొస్తూ ఫుట్‌పాత్ మీద వెళ్తున్న మనిషిని గుద్ది చంపింది. మాకు సంబంధం లేదంటూ రాజస్థాన్ ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1962లో ఓడిపోయింది. విద్యావతి కేసంటారు. విద్యావతి అంటే చనిపోయినాయన భార్య, ఆవిడకీ కూతురికీ 15 వేలు కట్టాల్సి వచ్చింది. అవతలి ప్లీడరు కస్తూరీలాల్ కేసు తియ్యొచ్చు. అందులో పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారాన్ని హెడ్ కానిస్టేబులే పట్టుకుని పాకిస్తాన్ పారిపోయినా, అది సార్వభౌమాధికారంతో, అంటే ప్రభుత్వం మాత్రమే చెయ్యగలిగే పని అని 1964లో సర్కారుని వదిలేశారు. జీపు తోలడానికి అది వర్తించదు.

ఇన్సూరెన్స్ సంగతి: సర్కారు బండ్లకి చట్టంలోనే మినహాయింపు ఉంది. అంటే కంపెనీ బదులు ఖజానా కట్టాలి, అంతే. డ్రైవర్నీ, ఆ శాఖనీ, ప్రభుత్వం తరఫున కలెక్టర్నీ పార్టీలుగా పెట్టి, మన జిల్లా కోర్టులోనే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద ఓపీ (పరిహారం కోరే పిటిషన్) వెయ్యండి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే వెయ్యాలని 2022 ఏప్రిల్‌లో గడువు పెట్టారు. దసరా దాకా చూద్దామనుకుంటే కుదరదు.

అసలు పోరాటం పర్సంటేజి దగ్గరే. మెడికల్ బోర్డు చెయ్యి ఇంత శాతం పోయిందని రాస్తుంది, అవతలివాళ్ళు సంపాదన కూడా అంతే పోయిందంటారు. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: చెయ్యి పోతే గుమస్తాకి జరిగే నష్టం వేరు, వడ్రంగికి జరిగే నష్టం వేరు, వడ్రంగికి దాదాపు నూటికి నూరూ పోయినట్టే. ఉదాహరణకి వాళ్ళు ఎంచుకున్నదే మీ నాన్నగారి వృత్తి! పని ఇచ్చిన మేస్త్రీల చేత సాక్ష్యం చెప్పించు.

కంచరపాలెం చిన్నోడు:
చాలా థాంక్సండీ. మా మావయ్య రాజీకని స్టాంపు పేపరు కూడా కొనేశాడు, ఆయనతో గొడవ ఎలాగూ తప్పదు. ప్లీడరు ఫీజు మాటేంటి?

రిటైర్డ్ బెంచి క్లర్కు:
కోర్టులోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆదాయం తక్కువున్నవాళ్ళకి ఉచితంగా ప్లీడర్ని పెడతారు. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. వెళ్ళేముందు స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కాపీ తీసుకో, దానికి డబ్బులు అక్కర్లేదు. బండిని తనిఖీ చేసే బ్రేక్ ఇన్‌స్పెక్టరు రిపోర్టు కూడా అడుగు.