శాంక్షన్ అంటే మంజూరా, ఆంక్షా?

మా అన్నయ్య కూతురు జీఆర్ఈకి చదువుతోంది. మొన్న ప్రాక్టీస్ టెస్టులో ఒక ప్రశ్న తప్పుపోయిందని నోటుబుక్ పట్టుకుని వచ్చింది. ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు ఒకే ఒక్క తెలుగు మాట. 'శాంక్షన్ – అనుమతి' అని ఉంది. "లోన్ శాంక్షన్ అయిందంటాం కదా బాబాయ్, మరి 2022లో రష్యా మీద పెట్టిన శాంక్షన్స్ ఆంక్షలెలా అయ్యాయి?" అంది.

మంచి ప్రశ్న. దానికి జవాబు మన శాసనాల్లో దొరుకుతుంది. పాత దాన శాసనం ఏదైనా చూడండి. ఫలానా వారికి ఫలానా పొలం ఇచ్చాం అని మొదలవుతుంది. చివరికొచ్చేసరికి, ఈ భూమిని లాక్కున్నవాడు 60 వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడనే శాపం చాలాచోట్ల కనిపిస్తుంది. మంజూరూ శిక్షా ఒకే రాయి మీద ఉన్నాయి. మాటలోనూ అంతే. 'శాస్' ధాతువు నుంచే శాసనం వచ్చింది, 'తగిన శాస్తి జరిగింది' అనేటప్పటి శాస్తీ వచ్చింది.

శాంక్షన్ కథా ఇదే. లాటిన్‌లో దాని మూలానికి పవిత్రం చేయడం, కట్టడి చేయడం అని అర్థం. నేలపట్టు బర్డ్ శాంక్చువరీ అంటామే, ఆ శాంక్చువరీ దీనికి చుట్టమే. రోమన్ చట్టంలో ఉల్లంఘిస్తే ఏ శిక్షో చెప్పే భాగాన్ని 'సాంక్షియో' అనేవారు. చట్టం ఆమోదించినదీ, చట్టం వేసే శిక్షా రెండూ ఆ ఒక్క మాటలో ఇమిడిపోయాయి.

అందుకే ఆ కుడివైపు గడి కొట్టేయించాను. అర్థం బదులు రెండు చిన్న వాక్యాలు రాయమన్నాను: బ్యాంకు లోన్ శాంక్షన్ చేసింది; ఒక దేశం మీద శాంక్షన్స్ పెట్టారు. బహువచనంలో ఉండి, పక్కన 'ఆన్' కనిపిస్తే దాదాపు ఎప్పుడూ ఆంక్షలే. 'ఓవర్‌సైట్' కూడా ఇలాగే రాసుకోవాలి. కమిటీ చేస్తే పర్యవేక్షణ, గుమాస్తా చేస్తే పొరపాటు. ఒక్కో మాటకు రెండు వాక్యాలంటే రోజుకు 50 మాటలు పూర్తికావు, పదో పదిహేనో అవుతాయి. అయినా అవి నిలుస్తాయి.

వ్యాఖ్య: చాలా బాగా చెప్పారండీ. మరి శిక్ష, శిక్షణ కూడా శాస్ నుంచే వచ్చాయా?

జవాబు: కాదండీ, వాటి ధాతువు వేరు. సంస్కృతంలో శిక్ష అంటే నేర్చుకోవడం, నేర్పడం. హిందీలో ఇప్పటికీ శిక్షా మంత్రి అంటే విద్యాశాఖ మంత్రే. మన దగ్గరే శిక్ష దండనకూ, శిక్షణ చదువుకూ విడిపోయాయి. మీరనుకున్న శాస్ నుంచి వచ్చిన మాట ఇంకొకటుంది, శిష్యుడు.