పంచాయతీ ఖాతాలో డబ్బుంది, కల్వర్టుకు వాడకూడదట. నిజమేనా?

నాలుగో వార్డు:
మాది తెలంగాణలో చిన్న పంచాయతీ. 2025 డిసెంబరు ఎన్నికల్లో వార్డు మెంబరుగా గెలిచాను. బడికి పోయే దారిలో కల్వర్టు కూలింది. వానొస్తే పిల్లల్ని ఎత్తుకుని దాటించాలి. మీటింగ్‌లో అడిగితే, ఖాతాలో ఉన్న 15వ ఆర్థిక సంఘం డబ్బు (ఆ సంఘం సిఫారసుతో కేంద్రం పంచాయతీలకిచ్చే గ్రాంటు) నీళ్లకూ పారిశుధ్యానికేనని కార్యదర్శి గారన్నారు. ఈ రూలు ఢిల్లీదా, హైదరాబాద్‌దా, ఆయన సొంతమా? ఓట్లడిగేటప్పుడు కల్వర్టు వేయిస్తానని నోరు జారాను, అదీ నా టెన్షన్.

రిటైర్డ్ కార్యదర్శి:
ఢిల్లీదే అమ్మా, కానీ మీకు సగమే చెప్పారు. ఆ గ్రాంటులో 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనికే వాడాలి: తాగునీటికి 30, పారిశుధ్యానికి 30. మిగతా 40 అన్‌టైడ్. జీతాలు, ఆఫీసు ఖర్చులు తప్ప ఊరికి కావలసిన పని దాంతో చేసుకోవచ్చు. కల్వర్టూ వస్తుంది. కాకపోతే ఆ పని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఉండాలి, పంచాయతీల పనులు, ఖర్చులు నమోదు చేసే కేంద్రం పోర్టల్ ఈ-గ్రామ్ స్వరాజ్‌లో ఎక్కాలి. ఇకనుంచి ఖాతాలో ఎంతుందని అడగకండి, అన్‌టైడ్‌లో ఎంతుందో అడగండి.

మాజీ సర్పంచ్:
అడిగి ఊరుకోకు చెల్లీ, కాగితం మీద రాయించుకో. నేనున్నప్పుడు ఓ పొద్దున చూస్తే ఖాతాలో ఏమీ లేదు. పాత కరెంటు బకాయి కింద పట్టుకున్నారట! తీర్మానం లేదు, మాట చెప్పిందీ లేదు. కేంద్రం ఇచ్చిన సొమ్ము పది పనిదినాల్లో పంచాయతీలకు పంపాలి, ఆలస్యమైతే రాష్ట్రం వడ్డీ కట్టాలి. ఆ రూలు బాగానే ఉంది. వచ్చినదాన్ని వెనక్కి లాగితే ఏ వడ్డీ అడగాలి? పంచాయతీలకు అప్పగించదగ్గవని రాజ్యాంగ 73వ సవరణ 29 అంశాలు రాసిపెట్టింది గానీ, వాటిలో మనకు ఏవి ఇవ్వాలో శాసనసభ ఇష్టానికే వదిలింది.

రిటైర్డ్ కార్యదర్శి:
ఇంకో సంగతి. 2024 ఫిబ్రవరి నుంచి మీ దగ్గర ప్రత్యేకాధికారుల పాలన కదా. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఈ గ్రాంటు రాదు. పెద్దగా మిగిలి ఉండదు, ముందే చెబుతున్నా.

నాలుగో వార్డు:
అడిగాను సార్. అన్‌టైడ్‌లో 61 వేలుంది. కల్వర్టు అంచనా 2 లక్షల 10 వేలు. పైగా ప్రణాళికలో మా కల్వర్టే లేదు, శ్మశానం ప్రహరీ ఉంది. వచ్చే గ్రామసభలో పెట్టిస్తాను. ఈలోగా రెండు సిమెంటు పైపులు పరిచి పైన మొరం పోస్తే 61 వేలలో అవుతుందా? చేయించినవాళ్లుంటే చెప్పండి.