ఆవకాయ అమ్మే వెబ్ పేజీకి రాసేటప్పుడు మొదటి లైన్లో "అమ్మ చేతి రుచి" ఉండాలా, వద్దా?

పొడిమాట: ఊరగాయల సైటు ఏది తెరిచినా ముందు "అమ్మ చేతి కమ్మదనం, అచ్చ తెలుగు రుచి". కొనేవాళ్లు వెతికేది అది కాదు. వెల్లుల్లి వేశారా, నూనె ఏది, ముక్కకు టెంక ఉందా, 500 గ్రాములంటే సీసాతో కలిపా? ఫోన్లో వేలు కదపకుండా కనిపించేది ఫొటో, పేరు, ధర, మహా అయితే రెండు లైన్లు. ఆ రెండూ అమ్మకే ఇచ్చేస్తే ఎలా? ఇలా రాయొచ్చు: "వెల్లుల్లి లేని ఆవకాయ. టెంకతో కొట్టిన ముక్క, నువ్వుల నూనె. సీసా బరువు కాకుండా 500 గ్రాములు."

పెసరట్టు_ఉప్మా: ఇది ప్రకటన రాత కాదండీ, కిరాణా చీటీ.

తీగలాగు: అదే నేననేదీ. డల్లాస్‌లో ఉన్నవాళ్లకి అక్కడి కొట్లోనే సీసా దొరుకుతుంది. ఇక్కణ్ణుంచి తెప్పించుకునేది గ్రాములు చూసి కాదు, ఇంటి మీద బెంగతో. ఆ బెంగను తాకని పేజీ అమ్ముడుపోదు.

క్లిక్‌రావు: అసలు తప్పు బటన్ దగ్గర. పేజీలో నాలుగు చోట్ల "ఇక్కడ నొక్కండి". చూపులేనివాళ్లు, తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌లో లింకుల జాబితా తెరిస్తే వినపడేది నాలుగుసార్లు అదే ముక్క. ఏది ధరకో, ఏది డెలివరీకో తెలియదు.

పొడిమాట: @తీగలాగు, డల్లాస్‌వాళ్లకైతే వివరాలు ఇంకా ఎక్కువ కావాలి. మూత కింద సీలు ఉందా, నూనె కారకుండా ఎలా కడతారు, ఎన్నాళ్లకు చేరుతుంది? బెంగే కావాలంటే "మూత తీయగానే ఆవఘాటు ముక్కుకెక్కుతుంది" అనండి, కళ్లకు కడుతుంది. "స్వచ్ఛమైన", "సంప్రదాయ" అని ఊరికే చల్లకండి. అలాంటి మాటలు ఎప్పుడు వాడొచ్చో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ప్రకటనల నిబంధనల్లో షరతులున్నాయి.

క్లిక్‌రావు: బటన్ మీద "కొనండి" అని పెట్టి బుట్టలోకి పంపడం ఇంకో తప్పు. డబ్బు కట్టే పేజీ వస్తుందనుకున్నవాళ్లు అక్కడే ఆగిపోతారు. బుట్టలోకి వెళ్లేదైతే "బుట్టలో వేయండి" అనాలి.

తీగలాగు: బటన్ సంగతి ఎవరడిగారండీ?

ఒత్తుపీకింది: అడక్కపోయినా ఒక మాట. ఇంగ్లీషుకి సరిపెట్టిన బటన్ ఎత్తులో తెలుగు పెడితే కింది ఒత్తులు తెగుతాయి. లైన్ హైట్, అంటే అక్షరం సైజుకి వరుస ఎత్తు ఎన్ని రెట్లో, 1.2 దగ్గరే ఉంచేయకండి, 1.6 పెట్టి చూడండి.

పొడిమాట: లింకు కూడా చూసుకోండి. అడ్రసులో తెలుగు పెట్టి కాపీ చేస్తే ఒక్కో అక్షర సంకేతం 9 గుర్తులవుతుంది. "ఆవకాయ" ఒక్కటే 45 ("కా"లో క, దీర్ఘం రెండు సంకేతాలు). వాట్సాప్‌లో చూసినవాళ్లు ఏదో మోసపు లింకనుకుంటారు.

తీగలాగు: ఉపన్యాసాలు బాగున్నాయి. యజమానులు మనలాంటి రాసేవాళ్లకి ఇచ్చేది నాలుగు ఫొటోలు, ఒక పేరు. డబ్బు లెక్క మాటకింత, 300 మాటలు కావాలి. నూనె ఏదని అడిగితే "మంచి నూనె అని రాసేయండి" అంటారు. అమ్మను తీసుకురాక ఏం చెయ్యాలి?

పొడిమాట: అదీ సంగతి! అయితే మన గొడవ బెంగ గురించి కాదు. చేతిలో సమాచారం లేక అమ్మను అడ్డం పెడుతున్నారు. మాటకింత అని ఒప్పుకుంటే ఊకదంపుడే మిగులుతుంది. పేజీకింత అనండి.

తీగలాగు: అన్నవాళ్లకి పని పోతోంది. పక్కవాళ్లు సగానికి రాస్తున్నారు.

పెసరట్టు_ఉప్మా: ఇది మాత్రం నిజం.

పొడిమాట: రేటు సంగతికి నా దగ్గర మందు లేదు, ఒప్పుకుంటా. సమాచారానికి మాత్రం ఉంది. యజమానిని అడక్కండి, సీసా లేబుల్ ఫొటో పంపమనండి. వంటనూనె అని రాస్తే చాలదు, ఏ నూనో పేరుతో అచ్చు వేయాలి. పదార్థాలు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు ఉంటాయి. నికర బరువు, 14 అంకెల లైసెన్సు సంఖ్య కూడా అక్కడే. సగం పేజీ లేబుల్ మీదే దొరుకుతుంది.

తీగలాగు: లేబుల్ ఇంకా అచ్చవలేదంటే?

పొడిమాట: అయితే పేజీకి అంత తొందరేం?