చల్లగాలి తిరిగిన మర్నాడు లేక్ ఫోర్క్‌లో బాస్ చేపలను ఏ లోతులో వెతకాలి?

టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ సరస్సులో కస్టమర్లను బోటు మీద లార్జ్‌మౌత్ బాస్ (పెద్ద నోరుండే మంచినీటి చేప) వేటకు తీసుకెళ్తుంటాను. మార్చి మొదట్లో దక్షిణ గాలి, మబ్బు ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. నీళ్లు 58 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటే, వాగులు కలిసేచోట 3–5 అడుగుల లోతులో, నాచు మీదుగా ఎర్ర లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్ (మూతి దగ్గర పలక లేని, చేప ఆకారపు గట్టి ఎర) లాగితే బాగానే పడుతున్నాయి.

ఉత్తర గాలి తిరిగిందా, మర్నాడు అంతా తారుమారు. ఎండ ఫెళ్లున కాస్తుంది, కానీ పొద్దున నీళ్లు 52కి పడిపోతాయి. అదే చోట ఒక్కటీ తగలదు. సస్పెండింగ్ జెర్క్‌బెయిట్‌ను (లాగడం ఆపితే ఉన్న లోతులోనే నిలిచే, చేప ఆకారపు ఎర) పది సెకన్ల దాకా ఆపి ఆపి లాగాను. 3/8 ఔన్సుల నలుపు-నీలం జిగ్‌ను (బరువైన తల ఉన్న కొక్కెం ఎర) మునిగిన మొద్దుల పక్కనే మెల్లగా జరిపాను. 10–12 అడుగుల లోతుకీ వెళ్లాను. సోనార్‌లో చేపలు కనిపిస్తాయి గానీ నోరు తెరవవు. గాలానికి కట్టే లైన్ 15 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం. మధ్యాహ్నం రెండు దాటాక ఎప్పుడో ఒకటి, అదీ చిన్నది. బుకింగ్‌లేమో పొద్దుటివే, వాతావరణం చూసి మార్చడం కుదరదు.

అలాంటి రోజు ఉదయం ఏడు నుంచి పదకొండు లోపు మీరైతే ఏ లోతులో, ఏ ఎరతో ప్రయత్నిస్తారు?